నాలుగు సెకన్లకు పన్నెండేళ్ళు

మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు నా ఫోన్లో నడుస్తున్న వీడియోలోకి తొంగిచూసి మా బావ "ఇదేంట్రా, మన మారియోనే కదా! ఇంకా ఆడుతున్నారా దీన్ని?" అన్నాడు. ఆడటమేంటి బావా, ఐదు నిమిషాల్లోపు ముగించి ప్రపంచ రికార్డులు కొడుతున్నారని చెప్పాను. పక్కన కూర్చుని చివరిదాకా చూశాడు. "నేనూ ఇట్లాగే ఆగకుండా పరిగెత్తించేవాణ్ణి కదరా. అప్పుడే యూట్యూబ్ ఉండుంటే ఈపాటికి నా పేరూ ఉండేది" అన్నాడు.

బావవి ఉత్త కోతలు కావు. మా వీధి చివర గంటకింత అని తీసుకుని వీడియోగేమ్ ఆడనిచ్చే కొట్టు ఒకటుండేది. మారియోలో అక్కడ బావని మించినవాడు లేడు. మధ్య లెవెళ్ళు వదిలేసి నేరుగా ముందుకి పంపే వార్ప్ జోన్లు తెలుసు. 3-1 (అంటే మూడో ప్రపంచంలో మొదటి లెవెల్) చివర మెట్ల మీద తాబేలుని తొక్కుతూ తొక్కుతూ ప్రాణాలు పెంచుకోవడం తెలుసు. అది తనకి ఎవరు నేర్పారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నన్ను పట్టుకున్నది ఆ మాట వెనకున్న నమ్మకం. రికార్డంటే వేళ్ళ వేగం, పాత రికార్డు పడిందంటే ఇంకా చురుకైన వేళ్ళు వచ్చాయన్నమాట. చాలామంది ఇలాగే అనుకుంటారు. కాస్త లోతుగా చూసేవాళ్ళు ఇంకో మాట అంటారు: వేళ్ళు కాదు, ఎవడో ఆటలో కొత్త లోపం కనిపెడతాడు, దాంతో రికార్డు పడిపోతుంది అని. నాకు రెండూ సగం సగమే అనిపిస్తాయి. లోపం ఉందని తెలియడానికీ, మనిషి చేతులతో దాన్ని వాడుకోగలగడానికీ మధ్య ఒక పెద్ద పని ఉంది. రికార్డుని నిజంగా కదిలించేది ఆ పనే. పేరు మాత్రం దానికి రాదు.

సూపర్ మారియో బ్రదర్స్‌నే తీసుకుంటాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. 2011లో ఆండ్రూ గార్డికిస్ పేరు మీద రికార్డు 4:58లో, అంటే నాలుగు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లలో ఉంది. 2014లో బ్లబ్లర్ అనే ఆటగాడు 4:57కి తెచ్చాడు. 2016 అక్టోబరులో డార్బియన్ 4:56.878. 2018లో సమ్‌వెస్ 4:55లోకి దిగాడు. 2021 ఏప్రిల్లో నిఫ్ట్‌స్కీ 4:54.948, మళ్ళీ అతనే 2023 సెప్టెంబరులో 4:54.631. నాలుగు సెకన్లు తగ్గడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఈ పన్నెండేళ్ళలో మనుషుల వేళ్ళు మారలేదు. ఆట అసలే మారలేదు, 1985లో ఏ ప్రోగ్రామ్ రాశారో అదే.

బస్సు లెక్క

వార్ప్ జోన్లు వాడితే ఆడాల్సినవి ఎనిమిదే లెవెళ్ళు: 1-1, 1-2, 4-1, 4-2, ఆ తరవాత ఎనిమిదో ప్రపంచంలోని నాలుగు. ఎక్కడా ఆగకుండా, చావకుండా పరిగెత్తితే ఐదు నిమిషాల దగ్గరికి వస్తారు. అక్కడిదాకా బావ చెప్పింది సరే. అక్కణ్ణించి వేగంగా పరిగెత్తడం అనేది ఉండదు, ఎందుకంటే మారియో పరుగుకి ఒక గరిష్ఠ వేగం ఉంది, అందరూ ఆ వేగంలోనే ఉంటారు.

పైగా ఈ ఆటలో ఫ్రేమ్‌రూల్ అని ఒకటుంది. టీవీలో బొమ్మ సెకనుకి సుమారు 60 సార్లు మారుతుంది, ఒక్కోటి ఒక ఫ్రేము. లెవెల్ ముగిశాక తరవాతి లెవెల్లోకి పంపాలా వద్దా అని ఆట ప్రతి ఫ్రేముకీ చూసుకోదు, 21 ఫ్రేములకి ఒకసారి చూసుకుంటుంది. ఈ ఆట ఆడేవాళ్ళంతా దీన్ని బస్సుతో చెబుతారు. 21 ఫ్రేములకో బస్సు బయల్దేరుతుంది. రెండు ఫ్రేముల ముందు వచ్చినా ఇరవై ఫ్రేముల ముందు వచ్చినా ఎక్కేది ఆ బస్సే. అంటే ఒక లెవెల్లో ఐదు ఫ్రేములు మిగిల్చినంత మాత్రాన ఏమీ కలిసిరాదు. తగ్గితే 0.35 సెకను ఒక్కసారే తగ్గాలి, లేకపోతే సున్నా.

మొదట్లో ఇది ఆటగాళ్ళ పాలిట శాపంలా కనిపించింది నాకు. ఎంత బాగా ఆడినా ఫలితం లేకపోవడం ఏమిటని. తరవాత ఇందులోని సౌకర్యం అర్థమైంది. ఒక బస్సుకి పది ఫ్రేముల ముందే చేరగలిగితే, ఆ పది ఫ్రేములు మీ చేతిలో ఉన్న డబ్బు. వాటిని ఖర్చు పెట్టి ఏదైనా కష్టమైన పనిని తేలిక చేసుకోవచ్చు. ఈ మాట కాసేపు గుర్తుంచుకోండి.

4-2లో పైపు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ 4-2. మనందరం ఆడినట్టు ఆడితే, కనపడని ఇటుకల్ని తలతో కొట్టి బయటికి తెచ్చి, వాటి మీదకెక్కి, తీగ మొలిపించి, ఆ తీగ పట్టుకుని పైకి పాకితే వార్ప్ జోన్ వస్తుంది. ఆ పాకడంలో సెకన్లకి సెకన్లు పోతాయి. తీగ దాటాక కొంచెం ముందుకెళ్తే ఒక పైపు ఉంటుంది, అది నాణేల గదిలోకి తీసుకెళ్తుంది. పైపులోకి దూరడం క్షణంలో పని. ఆ పైపు వార్ప్ జోన్‌కి తీసుకెళ్తే ఎంత బాగుండు!

తీసుకెళ్తుంది. ఈ తీగ ఎక్కడికి, ఈ పైపు ఎక్కడికి అని ఆట విడివిడిగా గుర్తుపెట్టుకోదు. ఒకే ఒక్క చోట "ఇప్పుడు దారి ఎక్కడికి" అని రాసుకుంటుంది. తెర కుడివైపు జరిగేకొద్దీ అది మారుతుంటుంది. తీగ వచ్చినప్పుడు వార్ప్ జోన్ అని రాస్తుంది, ఇంకాస్త జరిగాక దాన్ని చెరిపి నాణేల గది అని రాస్తుంది. అలా చెరిపి రాసేలోపే మారియో పైపులోకి దూరితే పాత చిరునామాకే వెళ్తాడు. కానీ మామూలుగా మారియో తెర మీద ఒక గీత దాటి కుడివైపుకి పోడు, అతనితోపాటు తెరా జరుగుతుంది. కాబట్టి తెర జరగకుండా మారియో ఒక్కడే 20 పిక్సెళ్ళు ముందుకి జరగాలి.

ఇటుక అంచుకి వెనక్కి తిరిగి తగిలితే ఆట మారియోని ఇటుకలోంచి బయటికి తోస్తుంది. ఆ తోపుడులో అతను జరుగుతాడు, తెర జరగదు. అలా పైపులోంచి పాత చిరునామాకి వెళ్ళడమే రాంగ్ వార్ప్.

ఇంతవరకు చెప్పిందంతా కనిపెట్టడం. ఎవరో ఆట ప్రోగ్రామ్‌ని చదివి, ఫ్రేము ఫ్రేము ఆపి చూసి తేల్చారు. ఇది తెలుసుకున్నాక నేనూ నా లాప్‌టాప్‌లో పాత ఆటల్ని ఆడనిచ్చే ఎమ్యులేటర్ పెట్టుకుని ప్రయత్నించాను. విషయం మొత్తం తెలుసు, కాగితం మీద బొమ్మ గీసి చెప్పగలను. ఇటుకకి ఎక్కడ తగలాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో మాత్రం తెలియదు. సాయంత్రమంతా నాణేల గదిలోకే వెళ్ళాను. నాణేలకి మాత్రం కొదవ లేకుండా పోయింది.

తరవాత ఒక కుర్రాడు పెట్టిన వీడియో చూశాను. ఫలానా పైపు దగ్గర మారియో ఇలా ఆగాలి, ఫలానా ఇటుక కింద ఉన్నప్పుడు ఎగరాలి, ఇటుక తగిలిన చప్పుడు వినపడగానే ఎడమ బటన్. అంతే. అరగంటలో నా చేతులకి కూడా వచ్చింది. ప్రతిసారీ కాదు గాని, వచ్చింది. ఈ ఆటల భాషలో దీన్నే సెటప్ అంటారు. కంటికి కనపడే గుర్తుల్ని, చెవికి వినపడే గుర్తుల్ని పట్టుకుని ఒక అసాధ్యమైన పనిని మనిషి చేయగలిగే వరసలోకి తేవడం.

టాస్ చెప్పింది, చేతులకి రాలేదు

టాస్ సంగతి చెప్పకుండా ఇది ముందుకి నడవదు. కంప్యూటర్లో ఆటని ఫ్రేము ఫ్రేము ఆపుతూ, ఏ ఫ్రేములో ఏ బటన్ నొక్కాలో రాసుకుంటూ తయారుచేసిన పరుగుని టాస్ అంటారు. మనిషి ఆడింది కాదు, ఆట ఎంతవరకు ఒప్పుకుంటుందో చూపించేది. హ్యాపీలీ అనే ఆయన చేసిన ప్రసిద్ధమైన మారియో టాస్ 2011 నాటిది.

ఇక్కడే నా వాదనకి అసలు బలం ఉంది. మారియోలో ఏమేం సాధ్యమో దాదాపుగా అప్పటికే అందరికీ తెలుసు. లెవెల్ చివరుండే జెండా కర్ర కింది దిమ్మలోకి సరైన చోట దూరితే జెండా దిగేదాకా ఆగక్కర్లేదని తెలుసు. 8-2లో ఎగిరొచ్చే తూటా మీద కాలు పెట్టి ఆ దిమ్మలోకి పడొచ్చని తెలుసు. పెద్ద రహస్యాలేమీ మిగల్లేదు. మరి పన్నెండేళ్ళు ఎందుకు పట్టింది?

మనుషులకి ఆ పని చేసే దారి ఒక్కో లెవెల్‌కి ఒక్కోసారి దొరుకుతూ వచ్చింది కాబట్టి. జెండా దిమ్మ కిటుకు పని చేయాలంటే మారియో ఉండాల్సిన చోటు పిక్సెల్‌లో కూడా భాగాల లెక్క. ఆట ఒక పిక్సెల్‌ని 16 ముక్కలుగా చూస్తుంది, ఆ ముక్క తెర మీద కనపడదు. కనపడనిదాన్ని సరిచేసుకోవడం ఎలా? గోడకో పైపుకో ఒకసారి ఆనితే స్థానం తెలిసిన అంకె దగ్గరికి వస్తుంది. అక్కణ్ణించి ప్రతి అడుగూ ఒకే రకంగా వేస్తే చివరికి దిమ్మ దగ్గర ఎక్కడ ఉంటామో ముందే తెలుస్తుంది. గోడకి ఆనడానికి కొన్ని ఫ్రేములు ఖర్చవుతాయి. ఆ ఫ్రేములు ఎక్కణ్ణించి వస్తాయి? ఇందాక చెప్పిన బస్సు లెక్కలోంచి. ముందొచ్చి ఊరికే నిలబడే బదులు ఆ సమయాన్ని సెటప్‌కి ఇస్తారు.

పరిగెత్తే ఆటలో నెమ్మదించి రికార్డు కొట్టడం అంటే ఇదే. దీన్ని ఆలోచించినవాడి తెలివి నాకు ఆటగాడి తెలివికన్నా తక్కువగా ఏమీ కనపడదు.

వేళ్ళ పక్షాన

ఇక్కడిదాకా రాసి ఒక మిత్రుడికి పంపితే, "మరి లైట్నింగ్ 4-2 సంగతేంటి?" అని ఒక్క ముక్క తిరిగి పంపాడు. పాయింటే.

4-2ని ఇంకొక బస్సు ముందుగా ముగించే పద్ధతి పేరు లైట్నింగ్. ఏళ్ళ తరబడి అది టాస్‌కి తప్ప మనుషులకి కాదని అనుకున్నారు. దానికి గోడకి ఆనే సౌకర్యాలు లేవు, మిగిలే ఫ్రేములు లేవు, అన్నీ సరైన ఫ్రేములో పడాల్సిందే. 2023 నాటి 4:54.631 పరుగులో నిఫ్ట్‌స్కీ దాన్ని చేశాడు. అంతే కాదు, ఆ పరుగులో 8-3 దాకా ప్రతి లెవెల్లోనూ టాస్ ఎక్కిన బస్సే ఎక్కాడు. దీన్ని సెటప్ గొప్పతనం అనలేను. ఎన్నో గంటలు, ఎన్నో వందల పరుగులు మొదట్లోనే పాడై మళ్ళీ మొదలుపెట్టిన మనిషి వేళ్ళు, నరాలు. గుండె వేగం తెర మీద చూపిస్తూ ఆడేవాళ్ళ వీడియోలు చూశారా? బాగా సాగుతున్న పరుగు 8-1 దాటేసరికి ఆ అంకె ఎక్కడికో పోతుంది. కుర్చీలోంచి కదలని మనిషికి! చూసే నాకే టెన్షన్.

8-4 కూడా అంతే. చివరి లెవెల్‌కి బస్సు లేదు, ఆట చివరుండే గొడ్డలిని తాకిన ఫ్రేముతో గడియారం ఆగుతుంది, కాబట్టి ప్రతి ఫ్రేమూ లెక్కే. ఆ 2023 పరుగు టాస్‌కి వెనకబడింది అక్కడే, సెకనులో మూడో వంతు పైచిలుకు. ఆ తరవాత రికార్డు తగ్గిందన్నా తగ్గేదన్నా ఫ్రేముల్లోనే.

అయితే ఒప్పుకునేది ఇంతవరకే. నిఫ్ట్‌స్కీ లైట్నింగ్ దగ్గర తన వేళ్ళన్నీ పెట్టగలిగాడంటే, మిగతా లెవెళ్ళు సెటప్‌ల వల్ల నమ్మకంగా చేతికొచ్చాయి కాబట్టే. ప్రతి లెవెలూ లైట్నింగ్ అంత కష్టమైతే ఏ మనిషి జీవితకాలమూ చాలదు. నూటికి ఒకసారి కుదిరే పనులు నాలుగు వరసగా పెడితే ఎంతవుతుందో లెక్క వేసుకోండి, పది కోట్లకి ఒకటి.

ఆటే మాయమైనప్పుడు

మారియోకి వ్యతిరేకమైన కథ జెల్డాది, ఒకరినా ఆఫ్ టైమ్. 1998 ఆట, మామూలుగా ఆడితే రోజులు పడుతుంది. 2012లో దొరికిన రాంగ్ వార్ప్ మొదటి గుహలోంచి నేరుగా చివరి కోట కూలే ఘట్టానికి తీసుకెళ్ళింది. రికార్డు అరగంట లోపుకి వచ్చేసింది. 2019లో ఆట జ్ఞాపకంలోని (మెమరీలోని) పాత చిరునామాల్ని తారుమారు చేసే పద్ధతి దొరికింది. దాన్ని సాగదీసి ఆట చేత తాము రాసిన ఆజ్ఞల్నే నడిపించడం మొదలుపెట్టారు. ఆ తరవాత పది నిమిషాలు కూడా అక్కర్లేదు.

ఇక్కడ లోపం కనిపెట్టినవాడే రాజు కదా, సెటప్ ఎక్కడుందని అడగొచ్చు. నిజానికి ఇక్కడే ఎక్కువ ఉంది. జ్ఞాపకంలో ఫలానా చోట ఫలానా అంకె రావాలంటే పాత్ర ఏ కోణంలో నిలబడాలి, ఏ వస్తువు ఎత్తుకోవాలి, ఏ గుమ్మం ఎప్పుడు దాటాలి అని వరస కట్టినవాళ్ళు లేకపోతే అది ప్రోగ్రామర్ల కబుర్లలోనే ఉండిపోయేది.

నాకున్న ఇబ్బంది వేరు. ఆ పరుగు చూస్తుంటే నాకేమీ అనిపించదు. ఒక పిల్లాడు అడవిలో అటూ ఇటూ తిరిగి, రాళ్ళెత్తి, వెనక్కి నడుస్తాడు, ఆట ముగిసినట్టు పేర్లు పడతాయి. ఇదీ ఆడటమేనా అన్నవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఆ బాధకి ఆటగాళ్ళు కనుక్కున్న మందు విభాగాలు. లోపాలు వాడని పరుగు ఒకటి, అన్నీ సేకరించే పరుగు ఒకటి, రాంగ్ వార్ప్ లేకుండా ఒకటి. ఎవరికి నచ్చిన ఆట వాళ్ళకి. అతుకుల బొంతలా ఉందని వెక్కిరించేవాళ్ళు ఉన్నారు గాని, ఒక కొత్త కిటుకు వచ్చిందని ఏళ్ళ తరబడి చేసిన కృషిని చెత్తబుట్టలో వేయకుండా కాపాడింది ఇదే.

ఆటని చదవడం వల్ల రికార్డులు పుట్టడమే కాదు, చచ్చాయి కూడా. అటారీలో డ్రాగ్‌స్టర్ అనే కారు పందెం ఆటలో టాడ్ రోజర్స్ 1982లో 5.51 సెకన్లు సాధించానన్నాడు. ముప్పై అయిదేళ్ళు అది చెక్కుచెదరలేదు. ఆట ప్రోగ్రామ్‌ని విడదీసి లెక్క కట్టినవాళ్ళు ఆ అంకె ఆటలో రావడమే కుదరదని చూపించారు. 2018 జనవరిలో వీడియోగేమ్ రికార్డుల లెక్క చూసే ట్విన్ గ్యాలక్సీస్ ఆ రికార్డుని తీసేసింది, గిన్నిస్ వాళ్ళూ తీసేశారు. 1982లో ఆ లెక్క కట్టగలిగినవాళ్ళు ఉన్నా, కట్టాలని ఎవరికీ తోచలేదేమో.

ఎవరి పేరు

రికార్డుల పేజీ తెరిస్తే పేరు, సమయం, వీడియో ఉంటాయి. పేరు ఆడినవాడిది. నేను చూసిన 4-2 వీడియో లాంటివి వందలున్నాయి. ఎవరో రాత్రంతా కూర్చుని ఇటుక తగిలిన చప్పుడుకీ ఎడమ బటన్‌కీ ముడిపెట్టి, ఉచితంగా అందరికీ చెప్పేశారు, తన పోటీదారులతో సహా. వాళ్ళ పేరు ఆ వీడియో కింద తప్ప ఎక్కడా ఉండదు.

వాళ్ళకే లేని బాధ నీకెందుకని అడిగితే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. ఒక సెటప్ ఒక్కడిది కాదన్నది కూడా నిజమే. ఒకరు గోడకి ఆనడం చెబుతారు, ఇంకొకరు ఎగిరే చోటు మారుస్తారు, మూడోవాడు రెండు ఫ్రేములు మిగులుస్తాడు. ఎవరిదని రాస్తారు? పేర్లు రాయడం మొదలుపెడితే నాది ముందు నాది ముందు అని తగువులు మొదలై, ఇప్పుడు ఉదారంగా పంచుకుంటున్నవాళ్ళు దాచుకోవడం మొదలుపెడితే మొదటికే మోసం. ఈ అనుమానం నాకు ఇంకా తీరలేదు.

అయినా ఒక చిన్న పని అడగడంలో తప్పు లేదనుకుంటాను. రికార్డు పంపేటప్పుడు ఆటగాడు నింపే పత్రంలో ఒక్క గడి చేర్చండి: ఏ లెవెల్లో ఎవరి సెటప్ వాడారు. ఆడినవాడే నింపాలి. చాలామంది నింపగలరు, ఎందుకంటే వాళ్ళు నేర్చుకున్న వీడియోలు వాళ్ళకి గుర్తుంటాయి. ముగ్గురిదైతే మూడు పేర్లు. గుర్తులేకపోతే ఖాళీ వదిలేయొచ్చు.